ఆకు పండలేదని నీళ్ళు పెట్టాను

ఒక బోరు, రెండు పైర్లు, ఒక డిగ్రీ. ఈ మూడూ ఒకే ఇంట్లో ఉంటే ఎంత నాశనం జరుగుతుందో మీకు తెలియకపోతే, కాస్త ఇటు కూర్చోండి, చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. మా చేను కంబదూరు దగ్గర. సగం చేనులో మా నాయన చెనిక్కాయ, అదే వేరుశనగ, వేశాడు. డిగ్రీ చదివిన గర్వంతో మిగతా సగంలో నేను కొత్త హైబ్రిడ్ మొక్కజొన్న వేశాను. రెండింటికీ దిక్కు ఒకే బోరు. అది దగ్గుతూ, ఆయాసపడుతూ నీళ్ళు కక్కేది.

"ఎప్పుడు కోయాల నాయనా?" అని అడిగాను.

"ఆకు పండితే కంకి పండినట్టు. మా తాత కాలం నుంచీ అదే గుర్తు."

ఆకు పండలేదు. ఎంతకీ పండలేదు! పైగా ఒక్క ఆకూ వాలకుండా చేతులెత్తినట్టు నిటారుగా నిలబడింది. పాపం, దాహంతో మొరపెట్టుకుంటోందనుకున్నాను. కంకి మీది పొర తెల్లబడితే ఎండదెబ్బ అనుకున్నాను. ముద్ద చేతిలో ఉండగానే చేనుకు పరుగెత్తేవాడిని.

"ఒరే, చెనిక్కాయ ఊరే కాలమిది. ఈ పొద్దన్నా నీళ్ళు ఇటు ఇడువురా," అనేవాడు నాయన.

"ఇంకొక్క తడి నాయనా! పచ్చగా ఉండాది, ఇంకా తాగుతాంది. ఇప్పుడాపితే గింజ తాలైపోతాది."

"నిన్ననూ ఇదే మాట అంటివి."

"నిన్నటికన్నా ఈ పొద్దు ఇంకా పచ్చగా ఉండాది!"

ఆ చెనిక్కాయే ఏడాదంతా మా ఇంటికి ఆధారం. అది నాకూ తెలుసు. తెలుసు కాబట్టే భయం. రెండు పంటలూ పోతాయేమో, ఇదొక్కటన్నా దక్కాలన్న ఆ భయంతోనే మొక్కజొన్నకు మరో తడి. చెనిక్కాయ ఆకులు ముడుచుకున్నాయి. నాయన నాకు వీపు తిప్పి గట్టు మీద కూర్చున్నాడు.

ఆయన్ను మెత్తబరచాలని ఒక కంకి విరిచి, కాల్చి ఇచ్చాను. గింజ పసుపుపచ్చగా మెరుస్తుంటే హైబ్రిడ్ రంగేమోలే అనుకున్నాను.

"పాలకంకి నాయనా, తిను."

నాయన కొరికాడు. టక్కుమంది. కంకికేమీ కాలేదు. నాయన అరచేతిలోకి ఉమ్మి చూసుకుంటే పన్ను!

"ఏమిరా, ఇది కంకా, గుండ్రాయా?"

ఆ కంకి పట్టుకుని కళ్యాణదుర్గంలో విత్తనాలమ్మిన శెట్టి మీదికి దండెత్తాను. "ఏమి శెట్టీ, ఆకు పచ్చగా ఉండంగనే గింజ రాయైపోయిందే! మోసం!"

శెట్టి తాపీగా ఒక గింజ పెరికి, దాని మొదట్లో నల్ల చుక్క చూపించాడు.

"ఈ చుక్క పడిందంటే గింజకూ కండెకూ తెగిపోయినట్టే. ఇంగ బావినంతా తోడిపోసినా గింజకు చేరదు. ఎప్పుడో పండింది గదప్పా!"

"మరి ఆకు?"

"పాత రకాల్లో గింజ ముదిరేకొద్దీ ఆకు ఎండిపోతాది. దిగుబడి ఎక్కువ రావల్లని, కడదాకా ఆకు పచ్చగా నిలబడే మొక్కల్నే ఏరి ఏరి ఈ విత్తనం చేసినారు. ఆకు పచ్చగా ఉన్నన్నాళ్ళూ గింజకు తిండి అందుతాది."

"చేతులెత్తి నీళ్ళడుగుతాంది గదా?"

"కింది ఆకుకూ ఎండ తగలల్లని అట్ల నిలబడతాది. అందుకే దగ్గరదగ్గరగా ఏసినా కంకి పెడతాది."

"ముందే చెప్పొచ్చు గదా శెట్టీ!"

"నన్ను యాడ చెప్పనిస్తివి? డిగ్రీ చదివినానని నాకే పాఠం చెప్పి పోతివి."

పరుగున వచ్చి నీళ్ళు చెనిక్కాయకు మళ్ళించాను. చెనిక్కాయలో సగం తేరుకుంది. మిగతా సగం తేరుకోలేదు. మొక్కజొన్న కోసి, పచ్చటి దంట్లు మా పాడి ఎనుముకు వేస్తుంటే పక్క చేను రైతు వచ్చాడు.

"ఏమన్నా, పండిన మొక్కజొన్నకు అన్ని తడులు పెట్టిరి?"

నాయన వాచిన దవడ పట్టుకుని చెప్పాడు. "గింజకు గాదులేప్పా. నా చెనిక్కాయ ఎండబెట్టి, మావాడు ఎనుముకు పచ్చిమేత పెంచినాడు."

సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడే, ఆ ఎనుము ఎదుటే చెయ్యెత్తి ఒట్టేశాను. ఇక ఈ జన్మలో ఆకు రంగు చూసి మోసపోను, గింజ గిల్లి నల్ల చుక్క చూడనిదే బోరు స్విచ్చి ముట్టను అని.

ఎనుము అంతా విన్నది. విని, నోటినిండా పచ్చిమేత నములుతూ, ఇంకొక్క తడి పెట్టమన్నట్టు నా వంకే చూసింది.