రేడియేటర్ మీద పడని రాయి

మా చుట్టాల పెళ్లిళ్లలో భోజనాలయ్యాక మా బాబాయి తప్పకుండా చెప్పే కథ ఒకటుంది. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో ఎల్బీ నగర్ చౌరస్తాలో ఎవరో ఆయన కారు మీద రాయి విసిరారనీ, అది రేడియేటర్‌ను చీల్చేసిందనీ, ప్రాణాలరచేత పెట్టుకుని ఒక ఆడపిల్లను కాపాడుకొచ్చాననీ చెబుతారు. మొదట్లో ఆ రాయి గులకరాయంత ఉండేది. ఈమధ్య విన్నప్పటికి కొబ్బరిబోండమంత అయింది. అందరూ అయ్యయ్యో అంటారు. ఆ కాపాడబడిన ఆడపిల్లను నేనే. ముందు సీట్లోనే కూర్చున్నాను. రాయీ లేదు, విసిరినవాడూ లేడు.

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో మాలాంటి ఆంధ్రా కుటుంబాలకు భయపడటం ఒక కాలక్షేపం. పొద్దున్నే కాఫీ తాగుతూ ‘మనల్ని పొమ్మంటారేమో’ అని ఒకసారి అనుకుంటే తప్ప మా పెద్దవాళ్లకు రోజు మొదలయ్యేది కాదు. (మా ఎదురింటి నల్గొండవాళ్లు మమ్మల్ని అడిగిందల్లా ఆవకాయ.) నాకప్పుడే భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తయి, తుర్కయంజాల్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. ఫలానా రోజు మధ్యాహ్నంలోపు చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. మొదటి జీతం స్కూటీకి కట్టాలనీ, ఇక జన్మలో బాబాయి కారెక్కి, ‘ఆడపిల్లకి లెక్చరర్ ఉద్యోగం మంచిదే, పెద్దగా పనుండదు’ లాంటి మాటలు వినకూడదనీ అప్పటికే నిర్ణయించుకున్నాను.

సరిగ్గా ఆ రోజే ఉద్యమంవాళ్లు వంటావార్పు పెట్టారు, అంటే రోడ్ల మీదే వండుకుని తింటూ నిరసన. బస్సుల్లేవు. బాబాయి వీరుడిలా తన పాత కారు తీశారు. వట్టిగా తీయలేదు. ముందురోజే ‘జై తెలంగాణ’ అని గులాబీ రంగులో పెద్ద ఫ్లెక్సీ వేయించుకొచ్చి, దాన్ని కారు ముందు భాగానికి, ఈ లైటు నుంచి ఆ లైటు దాకా, నవారు మంచం బిగించినంత గట్టిగా కట్టారు. ఇంట్లో తెలంగాణ అన్న మాట వినిపిస్తే టీవీ కట్టేసే మనిషి. ఇక మనల్ని ఆపేవాడు లేడన్నారు. ఎమ్మెస్సీ చదివిన నేనూ ఆ ముడుల నేర్పు మెచ్చుకుంటూ ఎక్కాను. గాలి తగలకపోతే ఇంజిన్ ఏమవుతుందన్న ఆలోచనే రాలేదు. కొత్త చీర కుచ్చిళ్లు నలగకుండా చూసుకోవడంలో ఉన్నాను.

నిజంగానే ఎవరూ ఆపలేదు. చైతన్యపురిలో జనం చప్పట్లు కొట్టారు. బాబాయి కిటికీలోంచి పిడికిలి ఎత్తి జై కొట్టారు, నేను ఆయనకంటే గట్టిగా కొట్టాను. కొత్తపేట దాటేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీతను తాకింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి మొదలైంది. అప్పుడు గుర్తొచ్చింది నా చదువు.

“బాబాయ్, కారాపి ఫ్లెక్సీ విప్పండి. లోపలికి గాలి పోవట్లేదు.”

“ఇంతమంది ముందు జై తెలంగాణ విప్పితే మనల్ని బతకనిస్తారా? నోరు మూసుకుని కూర్చో.”

ముల్లు ఎర్రగీత చివరికంటా పోయింది, ఆయన మాత్రం చిరునవ్వుతో చెయ్యూపుతూనే ఉన్నారు. ఎల్బీ నగర్ చౌరస్తాలో, సరిగ్గా అన్నం గుండిగల ముందు, కారు ఢామ్మని ఒక్క చప్పుడు చేసి, కిందంతా వేడినీళ్లు వదిలి ఆగిపోయింది. జనం చుట్టూ మూగారు. బాబాయి కళ్లు మూసుకున్నారు. వాళ్లు కారును పక్కకు తోసి, ఫ్లెక్సీ తడవకుండా విప్పి, మడతపెట్టి ఆయన చేతికే ఇచ్చారు. పప్పు కలుపుతున్న ఒక పెద్దమ్మ గరిటె పట్టుకునే నా దగ్గరికొచ్చింది.

“ఏంది బిడ్డా, గట్ల ఏడుస్తున్నవ్?”

కొత్త కొలువనీ, మధ్యాహ్నంలోపు చేరాలనీ చెప్పాను. ఆమె వెనక్కి తిరిగి, బండి మీద జెండా కట్టుకుని నిలబడ్డ ఒకాయన్ని పిలిచింది.

“ఓ తమ్మీ, జర గీ పిల్లను తుర్కయంజాల్‌ల దించి రాపో. సారూ, నువ్ తిని పో. నీ బండి యాడికీ పోదు.”

నేను గడువులోపే చేరి సంతకం పెట్టాను. నేను వెళ్లాక బాబాయి రెండుసార్లు పప్పు వేయించుకున్నారట. (ఇది ఆయన కథలో ఉండదు.)

సాయంత్రం ఇల్లు చేరేసరికి రాయి పుట్టేసి ఉంది. అదెందుకు పుట్టిందో నాకు ఒక్క నిమిషంలో అర్థమైంది. ఫ్లెక్సీ వల్ల పగిలితే ఖర్చు ఫ్లెక్సీ కట్టినాయనది. రాయి వల్ల పగిలితే, అలాంటి రోజున కారును రోడ్డెక్కించిన ఉద్యోగానిది, అంటే నాది. రాయి తగిలితే సొట్టేదని అడిగాను. పెద్దవాళ్లతో వాదనేంటని నాన్నగారు తీర్పిచ్చేశారు. మర్నాడు మెకానిక్ చూసి, చీలిన చోట మాటు వేస్తే నడుస్తుందన్నాడు, కొత్తది వేస్తే ఇంత అని చెప్పాడు. ఆ రెండు ఖర్చులకీ మధ్య నా స్కూటీ ఉంది. బాబాయి క్షణం కూడా ఆలోచించకుండా, “మాటు వెయ్యడమేంటయ్యా చవకగా, కంపెనీదే వెయ్యి” అన్నారు. పదేళ్లుగా అతుకుల టైర్లతో తిరిగిన మనిషి.

అలా నా మొదటి జీతం మొత్తం, రెండోదాంట్లో సగం ఆ కారు ముక్కులో కూర్చున్నాయి. ఏడాది పాటు సాగర్ రోడ్డు బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడుతూ, బాబాయిని అడగాల్సిన మాటలు పెదాలు కదుపుతూ వల్లెవేసుకునేదాన్ని. పక్కవాళ్లు ఏదో స్తోత్రం అనుకుని సీటిచ్చేవాళ్లు. ఆ పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. అన్ని మాటలు వల్లెవేసి ఒక్కటీ అడగలేదు. ఆ లోటు తర్వాత తీర్చుకున్నాను లెండి, మా ఇంట్లో అందరినీ అడిగి చూడండి. కానీ ఒక్కదానికి మాత్రం బాబాయి ఇంకా జవాబు చెప్పలేదు. అడిగిన ప్రతిసారీ మజ్జిగ కావాలంటారు. రాయి సంగతి వదిలేద్దాం బాబాయ్, అది మీదే, ఉంచుకోండి. ఆ డబ్బు మీ జేబులోంచి పోయేదయితే మాటు వేయించేవారా, కొత్తది కొనేవారా?