రాళ్ళు లేని సీమలో మా అక్కయ్యగారు

పోయిన నెలలో ఒక పొద్దున్న, నేనింకా పాలు పొయ్యి మీద పెట్టకముందే, కొత్తపేట నుంచి మా బావగారు ఫోను చేశారు. ఆయన ఫోను చెయ్యడమే వింత. ఆ ఇంట్లోంచి మంచైనా చెడైనా ఏ కబురొచ్చినా మా అక్కయ్యగారి గొంతులోనే వచ్చేది. "మీ అక్కయ్య వెళ్ళిపోయిందమ్మా. నిద్దట్లోనే," అన్నారు. ఆ తరవాత, "ఏదైనా తినేసి బయల్దేరండి," అన్నారు. అది ఆవిడ మాట. ఏ కబురు చెప్పినా చివర్న ఆవిడ అనే మాట. అది ఆయన నోట విన్నాకే నాకు ఏడుపొచ్చింది.

అక్కయ్యగారంటే మా పెద్ద తోటికోడలు, మా వారి అన్నగారి భార్య. తొంభైల మొదట్లో నేను కాపురానికి వచ్చినప్పుడు అందరం కొత్తపేటలో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. మా వారికి అమలాపురం బదిలీ అయ్యేదాకా అక్కడే ఉన్నాం. తోటికోడళ్ళంటే కత్తులు నూరుకోవాలని లోకం ఎందుకు అనుకుంటుందో నాకు తెలియదు. మా మధ్య తగువు రాలేదని కాదు. వచ్చినప్పుడు ఆవిడ పట్టించుకునేవారు కాదు. ఆవిడ మనసంతా రాళ్ళ మీద ఉండేది.

నిజం రాళ్ళే. ఉంగరాల్లో పొదిగే జాతిరాళ్ళు కావు. రోడ్లకి వేసే నల్లరాయి ఉంటుంది చూడండి, దాని కడుపులో అక్కడక్కడ చిన్న తొర్రలుంటాయి. ఆ తొర్రల్లో స్ఫటికాలు పెరుగుతాయి. కొన్ని గాజులా ఉంటాయి, కొన్ని ముత్యంలా, కొన్ని సన్నటి సూదుల్లా. వాటిని చెక్కకుండా, అరగదియ్యకుండా, ఎలా పుట్టినవి అలాగే దాచుకోవడం ఆవిడ సరదా.

ఈ సరదా పుట్టాల్సిన ఊరు కాదు మాది. మా సీమలో తవ్వితే ఒండ్రు, ఇంకా తవ్వితే ఇసక, ఆ కింద నీళ్ళు. కుక్క కనబడ్డప్పుడు రాయి దొరకదనే సామెత మా వైపే పుట్టి ఉంటుందని నా అనుమానం. మాకు రాయి అనేది లారీలో రావలసిందే. మా బావగారు రోడ్ల కంట్రాక్టు చేసేవారు గనక మా ఇంటి ముందుకు ఆ లారీలు వచ్చేవి. కొవ్వూరు అవతల కొండల్లో నల్లరాయి క్వారీ నుంచి, రావులపాలెం మీదుగా. ఒకసారి వాన వెలిశాక కంకర గుట్ట మీద ఏదో మెరిస్తే, గాజుపెంకేమో, వాళ్ళమ్మాయి కాల్లో గుచ్చుకుంటుందని తీసి పారెయ్యబోయారట అక్కయ్యగారు. తీసి చూశాక పారెయ్యలేదు. అక్కడి నుంచి మొదలు.

లారీ గుట్ట పోసి వెళ్ళగానే ఆవిడ కుచ్చిళ్ళు ఎగదోపుకుని బకెట్టు నీళ్ళు దాని మీద గుమ్మరించేవారు, దుమ్ము పోయి రాయి ముఖం కనబడ్డానికి. ఆ తరవాత చుట్టూ తిరుగుతూ ఏరడం. దొరికినదాన్ని కుంకుడు రసంలో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమేవారు. ఓ మూల నిమ్మరసం చుక్క వేసేవారు. సన్నగా నురగ పొంగితే ఒక జాతి, పొంగకపోతే ఇంకో జాతి. వాటి అసలు పేర్లు తరవాతెప్పుడో బంధువుల పిల్లల కాలేజీ పుస్తకాల్లో చూసి తెలుసుకున్నారు గానీ, ఇంట్లో మాత్రం ఆవిడ పేర్లే వాడుక. బుడిపెలు బుడిపెలుగా ఉండేది సగ్గుబియ్యం. పొరలు పొరలుగా ఉండేది పూతరేకు. నిగనిగలాడేది పటికబెల్లం. మెట్ల కింద అలమరలో, పూతరేకులొచ్చే అట్టపెట్టెల్లో దూది పరిచి వాటిని పడుకోబెట్టేవారు. చూడాలంటే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కొబ్బరినూనె చేతులతో ముట్టుకుంటే రాష్ట్రపతినైనా ఒప్పుకునేవారు కాదు.

లారీ డ్రైవరు కూడా ఆవిడ పక్షమే. కంకరలో పెద్ద ముక్క ఏదైనా కనబడితే క్యాబిన్లో దాచి తెచ్చి, "ఈ ట్రిప్పులో మీ సరుకుందండి అమ్మగారూ," అనేవాడు. "క్రషర్లో పడకముందు తీసేవా?" అని అడిగితే, "ఆయ్, పడకముందే తీసేనండి," అనేవాడు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

పేటలోవాళ్ళకి ఇది అంతు పట్టేది కాదు. ఇంట్లో ఉంటే కలిసొస్తుందా, పూజలో పెట్టుకోవచ్చా, ఒంటికి మంచిదా అని అడిగేవారు. "ఇవి ఎవరికీ ఏమీ చెయ్యవు పిన్నిగారూ. చూసుకోడానికంతే," అనేవారు ఆవిడ. ఆ జవాబు విని తృప్తిగా వెళ్ళినవాళ్ళు ఒక్కరూ లేరు.

చూసుకోడానికంతే అన్నారు కదా, ఆవిడకున్న బాధల్లా ఒక్కటే. చూడవలసిన మనిషి చూసేవారు కాదు. సాయంత్రం బావగారు పని నుంచి వచ్చేసరికి అక్కయ్యగారు ఒక చేతిలో కాఫీ, ఒక చేతిలో రాయి పట్టుకుని అరుగు మీద నిలబడి ఉండేవారు. ఆయన కాఫీ అందుకుంటూ, "ఆఁ, బాగుంది," అనేవారు. తలెత్తకుండానే. ఒకసారి నేను తమాషాకి, "బావగారూ, దేనికి బాగుందన్నారు, కాఫీకా రాయికా?" అన్నాను. "కాఫీ ఇంకా తాగలేదమ్మా," అన్నారు ఆయన నవ్వుతూ. అక్కయ్యగారూ నవ్వేరు. చెడ్డ మనిషి కాదు ఆయన, పరాయి మనిషిని కూడా నొప్పించి ఎరగరు. రాయంటే ఆయనకి సైజు, లారీ, రోడ్డు. పొద్దల్లా దానితోనే చచ్చేవాడికి ఇంటికొచ్చాక కూడా అదేనా అని ఆయన వైపు నుంచీ అనిపించేది నాకు. ఇప్పుడు అలా అనిపించడం లేదు.

ఒక శ్రావణమాసంలో మా అత్తగారు ఇత్తడి సామాన్లన్నీ చింతపండు వేసి తోముతూ, పెద్ద కోడలి మీద ముచ్చటేసి, అలమరలోంచి అన్నిటికన్నా పెద్ద పటికబెల్లం ముక్క తీసి దానికీ చింతపండు పట్టించి తళతళలాడేలా చేద్దామనుకున్నారు. ఆ జాతి రాయి పులుపు తగిలితే కరుగుతుంది. కుందులు మెరిసేయి గానీ రాయి మసకబారి, నానిన అటుకులా అయిపోయింది. అక్కయ్యగారు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "బాగా తోమేరండీ అత్తయ్యగారూ," అని, పెరట్లోకి వెళ్ళిపోయారు. నేను వెనకాలే వెళ్ళాను. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డారు. మా అత్తగారు పోయేదాకా ఆ సంగతి ఆవిడకి తెలియనివ్వలేదు.

ఆ సాయంత్రం బావగారితో చెబితే, "ఎల్లుండి ఇంకో లారీ వస్తోంది కదా, అందులో వెతుక్కో," అన్నారు. అప్పుడు మొదటిసారి ఆవిడ నోరు తెరిచి అడిగారు. "లారీలో వచ్చేదంతా పగిలి వచ్చేదే కదండీ. పగలకముందు కొండలో ఎలా ఉంటుందో ఒక్కసారి నన్ను తీసుకెళ్ళి చూపించండి. మీరూ చూద్దురుగాని." బావగారు, "ఓస్, అంతేనా? ఈ పని అవ్వనీ," అన్నారు.

ఆ పని అయింది. తరవాత ముక్తేశ్వరం పని అవ్వనీ అన్నారు. అదీ అయింది. మండపేట వైపు పనొచ్చింది. వర్షాకాలంలో క్వారీ అంతా బురద అన్నారు. ఎండాకాలంలో మందుగుండు పేలుస్తారు, ఆడవాళ్ళు తిరిగే చోటు కాదన్నారు. వాళ్ళ ఒక్కగానొక్క అమ్మాయి పెళ్ళి వచ్చింది. పోనీ డ్రైవరుతో పంపిస్తానన్నారు ఒకసారి. అక్కయ్యగారు వద్దన్నారు. "లారీ ఎక్కలేక కాదమ్మా," అన్నారు నాతో. "నాకు వీటి పుట్టిల్లు చూడాలనుంది. పుట్టింటికి ఎవరితో వెళ్తాం చెప్పు?"

మేము అమలాపురం వెళ్ళిపోయాక కూడా నేను ఎప్పుడు కొత్తపేట వెళ్ళినా, "క్వారీకి వెళ్ళేరా అక్కయ్యా?" అని అడిగేదాన్ని. "ఈ పని అవ్వాలిట," అనేవారు. అదొక హాస్యం అయిపోయింది మాకు. హాస్యం అయిపోవడమే తప్పు. నవ్వడం మొదలెట్టిన కోరికని ఎవరూ తీర్చరు.

చివరికి వెళ్ళారు, కిందటేడాది చలికాలంలో. బావగారు పనులు తగ్గించుకున్నాక, కారు మాట్లాడి, ఆయనే పిలిచారు. నన్నూ రమ్మన్నారు అక్కయ్యగారు. కొత్త చీర కట్టుకున్నారు. దారిలో బావగారు మెల్లిగా చెప్పారు, ఆ క్వారీ మూతబడిందని, మన కంకర ఇప్పుడు వేరే చోటి నుంచి వస్తోందని. "పోనీ, కొండ ఎక్కడికి పోతుందండీ?" అన్నారు ఆవిడ.

కొండ లేదు. కొండ ఉండాల్సిన చోట పెద్ద గొయ్యి, గొయ్యి నిండా ఆకుపచ్చటి నీళ్ళు. ఇవతలి గట్టు జారుడుగా ఉంది, దిగడానికి లేదు. అక్కయ్యగారు నా చెయ్యి పట్టుకుని అంచున నిలబడ్డారు. అవతల నిటారుగా నల్లటి గోడ. అంతలో మబ్బు తొలగి ఎండ ఆ గోడ మీద పడింది. నీటికి చాలా ఎత్తున, గోడకి అడ్డంగా, ఒక చార పొడుగునా మెరిసింది. వందల తొర్రలు, ఏదీ పగలకుండా, కొండలో ఎక్కడివక్కడే. ఆవిడ వేళ్ళు నా చేతిలో బిగుసుకున్నాయి.

"ఏమండీ, ఒక్కసారి ఇటు రండి," అని పిలిచారు. బావగారు కారు దగ్గర సెల్‌ఫోన్లో ఎవరితోనో తారు డ్రమ్ముల గురించి మాట్లాడుతున్నారు. వస్తున్నా అన్నట్టు చెయ్యెత్తారు. ఆవిడ మళ్ళీ పిలిచారు. ఆయన మాట ముగించుకుని, ఫోను జేబులో పెట్టుకుని, చెప్పులు చూసుకుంటూ వచ్చేసరికి మబ్బు పట్టేసింది. అవతల నల్లగోడ తప్ప ఏమీ లేదు.

"ఏదీ?" అన్నారు ఆయన.

"ఇప్పుడు కనబడదులెండి."

మళ్ళీ ఎండ వస్తుందేమో చూద్దామని నేనన్నాను. కాసేపు నిలబడ్డాం. రాలేదు. తిరుగు ప్రయాణంలో ఆవిడ రాళ్ళ మాట ఎత్తలేదు. అమ్మాయి అత్తవారింటికి పంపాల్సిన వడియాల గురించి మాట్లాడారు.

ఆ తరవాత ఏరడం కూడా లేకుండా పోయింది. కొత్త క్వారీ రాయి గట్టిదిట, తొర్రలుండవుట, రోడ్డుకి శ్రేష్ఠమట. బావగారు ఆ మాట సంతోషంగానే చెప్పారు, ఆవిడ సంతోషంగానే విన్నారు. ఉన్న పెట్టెల్ని మాత్రం అప్పుడప్పుడు తీసి దులుపుకునేవారు. ఒక్కరూ కూర్చుని చూసుకునేవారు.

మగపిల్లలు లేరు గనక కర్మ బావగారే చేశారు. మొదటి రోజు ఒక రాయిని ఇసకలో నిలబెట్టి, పోయినవాళ్ళని అందులోకి పిలిచి, పదో రోజు దాకా దాని మీద నువ్వులూ నీళ్ళూ వదులుతారు. పదో రోజున ఏట్లో కలుపుతారు. పంతులుగారు, "మామూలు రాయి ఏదైనా ఇప్పించండి బాబూ," అన్నారు. మామూలుగా మా వైపు ఆ రాయి కోసమే వెతుక్కోవాలి. మా ఇంట్లో అందరి చూపూ మెట్ల కింద అలమర మీదికి పోయింది. వాళ్ళమ్మాయి లేవబోయింది. "వాటి జోలికి వెళ్ళకమ్మా. దానికి ఇష్టం ఉండదు," అన్నారు బావగారు. ఆయనే గేటు దాకా వెళ్ళి, ఎప్పటిదో పాత కంకర గుట్ట మిగిలి ఉంటే, అందులోంచి ఒక ముక్క చేతికొచ్చింది చేతికొచ్చినట్టు తెచ్చి ఇచ్చారు. చూసి ఏరలేదు. ఆయనకది అలవాటు లేదు.

పదో రోజున ఇసక పళ్ళెంతో సహా రాయిని గౌతమి రేవుకి పట్టుకెళ్ళాం. అందరం ధర్మోదకాలు వదిలేం. పంతులుగారు రాయి తీసుకుని నీళ్ళలోకి దిగమంటే బావగారు దాన్ని పైకెత్తారు. ఇన్నాళ్ళూ ఇసకలో కూరుకుని ఉన్న అడుగువైపు తడి ఇసక ముద్దగా ఊడిపడింది. అక్కడ చింతపిక్కంత తొర్ర. తొర్ర నిండా తెల్లటి సూదులు, నడిమిలోంచి చుట్టూ విచ్చుకుని, ఒక్కటీ విరగకుండా.

బావగారు ఆగిపోయారు. మిగిలిన ఇసకని నోటితో మెల్లిగా ఊదారు. ఎండకేసి వంచి, ఇటు తిప్పి, అటు తిప్పి చూశారు. ఆయన ముఖంలో ఎన్నడూ లేని వెలుగొకటి వచ్చింది. "ఇదిగో, ఇది చూసేవా..." అంటూ పక్కకి తిరిగారు.

పక్కన నేనున్నాను.

రాయి పట్టుకున్న చెయ్యి అలాగే చాపి ఉంది. నాకేమైనా అనాలనిపించింది, బాగుందండీ అనాలనిపించింది. అది నేను అనవలసిన మాట కాదు.

"వెనక్కి చూడకుండా భుజం మీంచి విసిరెయ్యండి బాబూ," అన్నారు పంతులుగారు. బావగారు, "ఆయ్," అన్నారు గాని విసరలేదు. మొలలోతు దాకా నడిచి వెళ్ళి, తెల్లటివైపు పైకుండేలా రెండు చేతులతో పట్టుకుని, వంగి, దాన్ని నీటి అడుగున పెట్టారు. చేతులు ఖాళీగా పైకొచ్చాక కూడా ఆయన తలెత్తలేదు. పంతులుగారు పిలుస్తూనే ఉన్నారు.