నన్నడగడానికి వచ్చిన పెద్దమ్మ

గుడివాడ బస్టాండు బయట పూలమ్మే ఆవిడ తడిగుడ్డ విప్పి కనకాంబరాల మధ్య మరువం రెబ్బలు సర్దుతుంటే, ఆ వాసనకి ఇప్పటికీ నా అరచేతులు చల్లబడతాయి. అందరికీ మరువమంటే పెళ్ళిళ్ళు, పేరంటాలు గుర్తొస్తాయి. నాకు మాత్రం నన్ను తీసుకెళ్ళిపోవడానికి ఎవరో వచ్చి గుమ్మంలో నిలబడ్డట్టుంటుంది.

మాది ముదినేపల్లి దగ్గర పల్లెటూరు. అమ్మ మా నాన్నకి రెండో భార్య. మొదటి భార్య రాజ్యం పెద్దమ్మ నేను పుట్టకముందే పురిట్లో పోయింది, కడుపులో ఉన్న ఆడపిల్లతో సహా. ప్రతి ఏడూ దీపావళికి ముందు, వరి ఈని చేల మీంచి పాలకంకుల వాసన ఇళ్ళల్లోకి వచ్చే రోజుల్లో, మేం పిల్లలం గోగుపుల్లలకి నూనెగుడ్డలు చుట్టుకుంటూ, తాటిపూలు కాల్చి, తిప్పితే రవ్వలు రాలే పూలపొట్లాలు కట్టుకుంటూ అరుగంతా మసి చేస్తుంటే, అమ్మ తలంటుకుని, తడిజుట్టు ముడేసుకుని, పెద్దమ్మ పేరున కొత్త చీర, పసుపు కుంకుమలు, ఎర్రగాజులు, ఒక చిలకలపూడి రోల్డుగోల్డు గొలుసు పీట మీద పెట్టేది. పూర్ణం బూరెలు, గారెలు, ఆవిడకిష్టమని కందాబచ్చలి కూర వండేది. తను ఎన్నడూ చూడని మనిషికి ఏమిష్టమో అమ్మకి చెప్పింది మా సుబ్బులత్తయ్య.

అత్తయ్య నాన్నకి అక్క. బందరు నుంచి బుట్టెడు హల్వాతో దిగేది, వీధి చివరికి వినిపించేలా నవ్వేది. రాజ్యం పెద్దమ్మని కోరి తమ్ముడికి చేసుకున్నదీ ఆవిడే, పురిటినాడు చెయ్యి పట్టుకుని కూర్చున్నదీ ఆవిడే. హారతి వెలిగేసరికి ఆ అత్తయ్యకే భుజాలు వణకడం మొదలయ్యేది, నవ్వు ఆగిపోయి గొంతు సన్నగా, పెళ్ళికాని పిల్ల గొంతులా మారిపోయేది.

"మరువమేదే చెల్లీ?" అనడిగేది. అది పెద్దమ్మ గొంతని అందరూ అనేవాళ్ళు. అమ్మ రెబ్బ తుంచి అత్తయ్య జడలో పెట్టేది.

ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చుట్టూ చేరి, పోయిన తమవాళ్ళ సంగతులడిగేవాళ్ళు. ఉప్పెనలో తల్లిని పోగొట్టుకుని దివిసీమ నుంచి మా వీధికి వచ్చిన ఒకావిడ, "పోయేటప్పుడు నెప్పుంటుందా అమ్మా?" అనడిగింది ఒకసారి.

"ఉండదు. ఎవరో దూరాన్నించి పిలుస్తున్నట్టుంటుంది. పలుకుదామంటే నోరుండదు, అంతే."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఎంతో బరువు దిగినట్టు వెళ్ళిపోయింది. నేను మాత్రం మంచం మీదకి కాళ్ళు ముడుచుకున్నాను.

నాకు ఏడేళ్ళప్పుడు, అలాగే అందరికీ జవాబులు చెబుతూ చెబుతూ అత్తయ్య తలెత్తి నా వంక చూసింది. "ఆ పిల్ల నాది. నాతో పోయిన బిడ్డే మళ్ళీ నీ కడుపున పడింది. నా బిడ్డని నాకిచ్చెయ్యవే" అంది. అమ్మ చేతిలో కుంకుమ భరిణె అలాగే ఉండిపోయింది. కాసేపటికి అత్తయ్య గోడకి జారగిలబడి, మంచినీళ్ళు తాగి, "నేనేమన్నాన్రా?" అని అందరి మొహాలూ చూసింది. ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత నా ఆటలన్నీ ఇంటి గడప లోపలే. కాలవ వైపు వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు, బావి దగ్గరకి రానిచ్చేవాళ్ళు కాదు. నేనూ వెళ్ళాలనుకోలేదు. వీధిలో ఎవరైనా దూరాన్నించి పేరుపెట్టి పిలిస్తే పలక్కుండా అమ్మ దగ్గరకి పరిగెత్తేదాన్ని. అన్నం తింటూ అమ్మ మొహంలోకి చూసి, నేను ఈవిడ బిడ్డనేనా అనుకునేదాన్ని.

మరుసటి ఏడు వానాకాలంలో నాకు టైఫాయిడ్ వచ్చింది. గుడివాడ డాక్టరు మందులిచ్చినా జ్వరం దిగలేదు. వసారాలో ఆడవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. సంగతి తెలిసి అత్తయ్య బందరు నుంచి మధ్యాహ్నం బస్సుకి వచ్చింది. తడిసిన గొడుగు మూల పెట్టి, నా మంచం పట్టెమీద కూర్చుందో లేదో, పీటా లేదు, హారతీ లేదు, ఆవిడ భుజాలు వణకడం మొదలైంది.

"బయల్దేరిందా నా బిడ్డ?" అంది ఆ సన్నని గొంతు.

నాన్న గుమ్మంలోనే నిలబడిపోయాడు. అమ్మ అరవలేదు, ఏడవలేదు. అత్తయ్య ముందు నేలమీద కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది.

"నీ బిడ్డేనక్కా. కాదనను. కానీ ఇన్నేళ్ళూ పాలిచ్చి పెంచింది నేను. నిన్ను నేనెప్పుడూ ఏమీ అడగలేదు. ఇప్పుడడుగుతున్నా, దీన్ని నాకుండనీ. ముందు దాని ఒళ్ళు ఎంత కాలిపోతుందో చూడు. తల్లివి కదా, చూసి మాట్లాడు."

అని అత్తయ్య చేతిని తీసి నా నుదుటి మీద పెట్టింది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆ చెయ్యి నా నుదుటి మీద వణికి వణికి, మెల్లిగా ఆగింది.

"అబ్బ, నిప్పులా ఉందే పిల్ల!"

ఆ మాట ఎవరి గొంతుతో వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. తర్వాత వెక్కిళ్ళు. "ఉండనీలే. నీ దగ్గరే ఉండనీ" అని, అత్తయ్య నా పక్కనే ఒరిగి నిద్రపోయింది.

జ్వరం మెల్లిగా దిగింది. మందుల వల్లేనని నాన్న అనేవాడు, అమ్మ అవునని గానీ కాదని గానీ అనేది కాదు. పీట మీద చీర పెట్టడం మాత్రం మానలేదు. అత్తయ్యకి మళ్ళీ ఎప్పుడూ పూనకం రాలేదు. నా బెదురు మాత్రం పెళ్ళయ్యేదాకా పోలేదు.

ఇప్పుడా చేలన్నీ చేపల చెరువులు. ఇల్లు అమ్మేశాం. పోయిన ముత్తయిదువకి చీర పెట్టే ఇల్లు ఆ వీధిలో ఒక్కటీ లేదు, చనిపోయినవాళ్ళని ఏదైనా అడగొచ్చని తెలిసినవాళ్ళూ లేరు. నిరుడు అమ్మ పోయింది. నెల తిరక్కుండా నేను బందరు వెళ్ళాను. అత్తయ్యకి ఎనభై దాటాయి, కళ్ళు సరిగా ఆనవు. ఎవరూ లేకుండా చూసి అడిగాను.

"అత్తయ్యా, అమ్మని ఒక్కసారి పిలవగలవా?"

అత్తయ్య నా చెయ్యి వెతికి పట్టుకుంది. "నేనెవర్నీ పిలవలేదు తల్లీ. రాజ్యమే వచ్చేదంట, ఏదో ఒకటి కావాలని. మీ అమ్మ దేనికొస్తుందే? అది బతికుండగా ఎవర్నైనా ఏదైనా అడిగిందా?"

అడిగింది, ఒకే ఒక్కసారి, అత్తయ్య చేతులు పట్టుకునే అడిగింది. ఆ సంగతి అత్తయ్యకి తెలియదు. చెప్పకుండా ఆ చెయ్యి తీసి నా నుదుటి మీద పెట్టుకున్నాను.