నేజా ఇంటి హ్రెన్

ఇటలీ సరిహద్దులోని ఉక్వే ఊళ్లో ఈస్టరుకు ముందటి శనివారం ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటూ కనబడితే కారణం అడగకూడదు. ఆ రోజు హ్రెన్ తురుముతారు. చూడ్డానికి మట్టి పట్టిన దుంపే, పక్కన పెట్టుకున్నా ఏ వాసనా రాదు. తురమడం మొదలుపెట్టాక మాత్రం ఆవపిండిని తలదన్నే ఘాటు ముక్కులోంచి నెత్తికెక్కుతుంది. పండగ బుట్టలో గుడ్లు, రొట్టె, పొగబెట్టిన పందిమాంసం ఎన్ని ఉన్నా అది లేకపోతే ముద్ద దిగదు. ఏడాదంతా ఎడమొహం పెడమొహంగా తిరిగిన ఆడవాళ్లు ఆ రోజు దుంప పట్టుకుని ఒకరింటికొకరు వెళ్తారు. కిటికీలు మూసుకుని కలిసి తురుముతారు. ఇద్దరి కళ్లూ ధారగా కారతాయి. అది ఘాటుకో, మనసుకో ఎవరూ తేల్చరు. గిన్నె నిండేసరికి తగువు తీరినట్టే లెక్క. మగవాళ్లకి ఇంత తెలివైన ఏర్పాటు తట్టలేదు, వాళ్లింకా సారాకొట్టు ముందే జుట్లు పట్టుకుంటున్నారు.

నేజా మాత్రం ఇరవై ఏళ్లకు పైగా తన దుంపని పెరట్లో, గాలికి నిలబడి ఒంటరిగా తురుముకుంటోంది. బయటి గాలికి ఘాటు ఎగిరిపోతుంది, కన్ను చెమర్చదు. ఊళ్లో ఆమెకి రాతిగుండె అని పేరు పడింది.

ఆమె బతుకంతా ఆ దుంపల మడితోనే. నాన్న నాటిన మడి అది. ఒకసారి వేళ్లూనుకుంటే దాన్ని వదిలించుకోవడం ఎవరి తరమూ కాదు, గోరంత ముక్క మట్టిలో మిగిలినా మళ్లీ మొలుస్తుంది. దుంపలు కొనడానికి మూడు భాషల వాళ్లూ వచ్చేవారు. ఆమె ఇంట్లో వాడే స్లోవేనీ భాషలో అది హ్రెన్. జర్మన్ మాట్లాడేవాళ్లు క్రెన్ అనేవారు, ఇటలీ వాళ్లూ క్రెన్ అనేవారు. ఎవరి పేరుతో వాళ్లకి ఇచ్చి పంపేది. బేరం దగ్గర ఆమెకి ఏ పేరూ చేదు కాదు.

చేదైంది ఒక్కసారే. యుద్ధం మొదలైన రోజుల్లో పైన ఇటలీ, జర్మన్ ప్రభుత్వాలు రెండూ కూడబలుక్కున్నాయి. జర్మన్లమనుకునేవాళ్లు సంతకం పెట్టి సరిహద్దు దాటిపోవచ్చు, మిగతావాళ్లు ఇటలీ వాళ్లుగా ఉండిపోవచ్చు. నేజా వాళ్లు ఇటూ కాదు, అటూ కాదు. అయినా చెల్లెలు ఉర్షా జర్మన్ మొగుడితో వెళ్లడానికి సంతకం పెట్టింది. నాన్న మంచాన ఉన్నాడు, నేజా ఉండిపోయింది. వెళ్లబోయే ముందు, ఆ ఏటి పండగ శనివారం, ఉర్షా దుంప పట్టుకుని అక్క గుమ్మం ముందుకి వచ్చింది. నేజా తలుపు తీయలేదు. లోపలినుంచే ఒక మాట అంది.

"ఇకనుంచి దాన్ని క్రెన్ అనే పిలుచుకో. మా ఇంటి హ్రెన్ మీద నీకు హక్కు లేదు."

ఉర్షా ఆ దుంప పట్టుకునే వెళ్లిపోయింది. ఆ తర్వాత ఉత్తరం లేదు, కబురు లేదు. సరిహద్దు అవతల ఉర్షా కాపురముంటున్న విలాఖ్ ఎంతో దూరం కూడా కాదు, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి చేరొచ్చు. ఆ కాస్త దూరమే నేజాకి దాటరానిదైంది.

ఈ ఏడు పండగ వారంలో నేజా దుంపలు ఇచ్చి రావడానికి ఇటలీ ఆయన దూయిలియో నడిపే భోజనశాలకి వెళ్లింది. అక్కడ ఒకటే రభస. క్రెన్ అనేది అచ్చంగా తమ మాటేనని దూయిలియో, కాదు జర్మన్లదేనని కలప బండి తోలే ఆయన. బడి మానేసినా బోధించడం మానని ముసలి మాస్టారు ఒక మూల సూప్ తాగుతున్నాడు. తీర్పు చెప్పమని ఇద్దరూ ఆయన మీద పడ్డారు.

ఆయన తీరిగ్గా మూతి తుడుచుకుని మొదలుపెట్టాడు. ఉత్తరాది జర్మన్లు దాన్ని సముద్రపు ముల్లంగి అంటారట, ఎందుకో వాళ్లకే సరిగ్గా తెలీదట. ఇంగ్లీషు వాళ్లకి గుర్రపు ముల్లంగి, ఫ్రెంచి వాళ్లకి గట్టి వేరు.

"మరి క్రెన్?" అన్నాడు దూయిలియో.

"అదీ హ్రెన్ ఒకటే నాయనా. మన స్లోవేనీ వాళ్ల లాంటి స్లావుల దగ్గర జర్మన్లు నేర్చుకున్నారు, వాళ్ల దగ్గర మీరు నేర్చుకున్నారు. కంచె అవతలనుంచి దుంప అడిగినవాడు పేరు కూడా పట్టుకుపోడూ? మనకి ఎవరిచ్చారంటావా, అది నన్నడక్కు."

అందరూ నవ్వారు. నేజా నవ్వలేదు. బుట్ట అక్కడే మరిచిపోయి ఇంటికి వచ్చేసింది. చెల్లెల్ని ఏ మాట పెట్టి గెంటిందో అది తమ ఇంటి మాటే. వందల ఏళ్ల కిందట ఏ పొరుగువాడో అడిగితే ఎవరో ఇచ్చారు, అడ్డం చెప్పలేదు. తను సొంత చెల్లెలికి లేదంది. ఆ రాత్రి ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

శనివారం పొద్దున్నే మడిలో మంచి దుంప తవ్వి, బట్టలో చుట్టి, రైలెక్కింది. దారి పొడుగునా ఒకటే భయం. తలుపు తీయకపోతే? తీయకపోయినా తను అనడానికి లేదు.

విలాఖ్‌లో ఉర్షా ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, పెరటి పక్కనుంచి గుమ్మం చేరబోతూ ఆగిపోయింది. పెరడంతా దుంపల మడి. ఆ పొడుగాటి ఆకుల్ని ఆమె ఎక్కడైనా పోల్చుకోగలదు. ఎంతసేపటికో తలుపు తట్టింది. లోపల అడుగులు వచ్చి ఆగాయి, ఎవరని అడిగింది ఒక ముసలి గొంతు.

ఏం చెప్పాలో రైల్లో ఎంతో అనుకుంది, ఒక్కటీ గుర్తు రాలేదు.

"నేనే... నేజాని. క్రెన్ తెచ్చాను" అంది.



"క్రెన్ నా పెరట్లో బోలెడుంది" అంది ఉర్షా. "హ్రెన్ తెచ్చుంటే లోపలికి రా, అక్కా."

గడియ తీసింది. వంటింట్లో బల్లకి అటొకరూ ఇటొకరూ కూర్చున్నారు. నాన్న సంగతి ఎత్తలేదు, సంతకం సంగతి ఎత్తలేదు. కిటికీలు మూసి, తలా ఒక ముక్క తీసుకుని తురమడం మొదలుపెట్టారు. నేజా కళ్లు ఇరవై ఏళ్ల బాకీ తీర్చుకుంటున్నట్టు కారాయి, తలకి కట్టుకున్న గుడ్డ కొస తడిసిపోయింది.

ఉర్షా మొగుడు ఎంగల్బర్ట్ మంచివాడే కానీ ఉక్వే ఆడవాళ్ల పద్ధతులు ఎరగడు. పొలంనుంచి వచ్చి, వంటింట్లో ఇద్దరు ముసలివాళ్లు వెక్కి వెక్కి ఏడుస్తుంటే హడలిపోయి, పరుగున వెళ్లి కిటికీ తెరిచాడు.

"మూసెయ్!" అని ఇద్దరూ ఒక్క గొంతుతో కసిరారు. నేజా అతనికి అర్థమవ్వాలని జర్మన్‌లో అంది, ఉర్షా మాత్రం పుట్టింటి స్లోవేనీలో అంది.