డాబా మీద కూత

మా నాన్న మమ్మల్ని కర్రతో కొట్టలేదు, బెల్టుతో కొట్టలేదు. కబడ్డీతో కొట్టాడు.

ఆయన బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో పనిచేసేవాడు. వయసులో ఉన్నప్పుడు అక్కడి కార్మికుల జట్టులో పేరున్న ఆటగాడు. మూసాపేటలో మేం కిరాయికి ఉన్నది పై అంతస్తు. దాని మీద డాబా, డాబా నడుమ సుద్దముక్కతో గీత. వాన వెలిసినప్పుడల్లా నాన్న దాన్ని మళ్ళీ గీసేవాడు. మార్కులు తగ్గినా, మేం ఎదురు మాట్లాడినా, వర్క్‌షాపులో ఎవడో ఏదో అన్నా మాకు వినబడేది ఒకటే మాట: "పైకి దా."

నియమం ఆయనదే. కూత ఉన్నంతసేపు మేం ఆయన్ని తన్నొచ్చు, గుద్దొచ్చు, తప్పించుకోవచ్చు. కూత తెగిందా, ఇక ఆయన ఇష్టం. నడుం పట్టి ఎత్తి సిమెంటు మీద వేసేవాడు. ఒకసారి నా కింది పెదవి పంటికి తగిలి చీలింది. "కొట్టుడు గాదురా ఇది, ఆట" అన్నాడు చెమట తుడుచుకుంటూ. ఇంటి ఓనరమ్మ కూడా అదే నమ్మింది. కొడుకులతో ఇంతగా ఆడే తండ్రి ఎవరికుంటాడని అమ్మ ముందే మెచ్చుకునేది.

అమ్మ దవాఖానలో నర్సు. ఎప్పుడూ పైకి వచ్చేది కాదు. వంటింట్లో నిలబడి, స్లాబు మీంచి వచ్చే కూత వినేది. అది ఆగగానే స్టవ్ కట్టేసి దూది, అయోడిన్ సీసా బయటికి తీసేది. నేను దిగొచ్చేసరికి అన్నీ సిద్ధం. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది. నాన్న మీదకంటే ఆమె మీదే కోపం ఎక్కువ.

దెబ్బలు తప్పించుకోవడానికి ఊపిరి పెంచుకున్నాను. లోలోపల కూత పెడుతూ మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కేవాణ్ణి, దిగేవాణ్ణి. డిగ్రీకి వచ్చేసరికి నన్ను పట్టడం ఆయన వల్ల కాలేదు. అప్పుడు ఆయన చూపు పూర్తిగా తమ్ముడి మీద పడింది.

తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి ఉబ్బసం. వాడి చేతిలో ఇన్‌హేలర్ చూస్తే నాన్నకు పరువు పోయినట్టుండేది. "దమ్ము లేకుంటే ఉరికి తెచ్చుకోవాలె గని, గిట్ల గొట్టం నోట్ల పెట్టుకుంటరా?" అనేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీ దగ్గర తమ్ముడు ఆయన మాటకు ఎదురు చెప్పాడు. "పైకి దా" అన్నాడు నాన్న. వాడి బదులు నేను లేచాను.

"నిన్ను గాదు. నువ్ కూసో."

అమ్మా నేనూ వంటింట్లో నిలబడ్డాం. కూత మొదలై, మొదలవుతూనే తెగింది. దబ్బుమని చప్పుడు. "లే, మళ్ల పెట్టు" అని నాన్న గొంతు. మళ్ళీ దబ్బుమని చప్పుడు. ఈసారి కూతే లేదు. అమ్మ చేయి అలవాటుగా అయోడిన్ సీసా మీదికి పోయింది. దాన్ని లాక్కుని గోడకేసి కొట్టి మెట్లెక్కాను.

తమ్ముడు గీత మీద పడి ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. నాన్న వాడి కాలరు పట్టి పైకి లాగుతున్నాడు. నేను దూకి నాన్న చీలమండ పట్టాను. ఆయన నేర్పిన పట్టే. ఆయన మొహం వాటర్ ట్యాంకు దిమ్మెకు కొట్టుకుంది. వదల్లేదు. కాలు మెలిపెట్టాను. ఎముక టక్కుమంది. ఇంకా మెలిపెట్టాను.

నా వెనకే వచ్చిన అమ్మ మా ఇద్దరినీ దాటుకుని తమ్ముడి దగ్గర కూలబడి ఇన్‌హేలర్ వాడి నోట్లో పెట్టింది. ఆమె ఆ డాబా ఎక్కడం అదే మొదలు.

నాన్న పన్ను ఊడింది. నోటి నిండా రక్తంతో నన్ను చూసి నవ్వాడు. "గిట్ల పట్టాలె బిడ్డా. ఇప్పుడైనవ్ ఆటగానివి."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ మాట కోసం కాచుకున్నాను. పక్కన తమ్ముడు ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు, నాకేమో సంతోషం పొంగుకొచ్చింది.

నాన్న ఆ కాలు ఇప్పటికీ ఈడుస్తూ నడుస్తాడు. ఎవరడిగినా "మా పెద్దోని పట్టు" అని మురిసిపోతాడు. నేను హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నాను. ఇంత ఫిట్‌గా ఎలా ఉన్నావని ఆఫీసులో అడిగితే మా నాన్న చలవ అంటాను. తమ్ముడు నాతోనే మదీనాగూడ ఫ్లాట్‌లో ఉంటాడు. మొదటి అంతస్తుకు కూడా లిఫ్టే ఎక్కుతాడు. ఆటల మాటెత్తితే లేచి వెళ్ళిపోతాడు.

మొన్న ఆఫీసు లాన్‌లో కబడ్డీ పోటీ పెట్టారు. బతిమాలి తమ్ముణ్ణి తీసుకెళ్ళాను. కొత్తగా చేరిన ఒక సన్నటి కుర్రాడు మా వైపు కూతకు వచ్చాడు. చీలమండ పట్టి పడేశాను. చుట్టూ ఈలలు, చప్పట్లు. ఆ గోలలో కుర్చీలు తోసుకుంటూ ఎవరో పరుగెత్తుకొస్తున్నారు. తమ్ముడు. వాడు పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. వస్తూనే నా కాలరు పట్టి వెనక్కి గుంజాడు.

"ఇడువు అన్నా" అన్నాడు రొప్పుతూ. "కూత ఎప్పుడో ఆగింది."

కింద ఆ కుర్రాడు నేలను అరచేత్తో కొడుతున్నాడు. అతని కాలు ఇంకా నా చేతుల్లోనే ఉంది.