దుర్గమ్మ పెట్టని శోకం

దేవరయాంజాల్‌లో ఎవరు పోయినా ముందు మా పక్కింటి దుర్గమ్మకే కబురు వచ్చేది. కూరగాయల తోటల్లో కూలికి పోయే మనిషి. కానీ చావింట్లో ఆమె గొంతు లేవనిదే మిగతా ఆడవాళ్లకు ఏడుపు సాగేది కాదు. పోయినవాళ్లను వరస కలిపి పిలిచి, చేసిన మేలు తలచుకుని, పెట్టిన బాధ కూడా నిలదీసి శోకాలు పెట్టేది. నాలుగు తిట్లు లేని శోకం ఉప్పు లేని కూర అనేది. పాడె లేచేదాకా పోయిన మనిషికి అన్నీ వినబడతాయని ఆమె నమ్మకం. అడగాల్సింది ఏదున్నా ఆలోపే అడగాలి.

మొన్న మాఘంలో ఆమె సొంత అక్క యాదవ్వ పోయింది, గుండ్లపోచంపల్లిలో కొడుకు రమేష్ ఫ్లాట్‌లో. దుర్గమ్మా నేనూ ఆటో దిగేసరికి యాదవ్వ కింద పార్కింగ్‌లో, అద్దాల పెట్టెలో ఉంది. రమేష్ ఫోన్‌లో "అమ్మగారు పరమపదించారండీ" అంటున్నాడు. నాట్లేసిన యాదవ్వ అమ్మగారు ఎప్పుడయిందో మాకు తెలియదు.

దుర్గమ్మ పెట్టె పక్కన కూలబడి గొంతెత్తింది.

"ఓ అక్కా... ఫోన్ల నాతోని సుట్టపుదానోలె మాట్లాడ్తివి గదనే అక్కా... బాగున్నానండి అంటివి గదనే..."

రెండేళ్లుగా ఆమెను తొలిచేస్తున్న మాట అదే. ఫ్లాటుకు పోయాక యాదవ్వ మాట మారింది. మనవరాలు నవ్వుతుందనో, కోడలు చిన్నబోతుందనో, సొంత చెల్లెలితో కూడా అండీలు మొదలుపెట్టింది. ఎందుకట్లా అని అడగాలనే దుర్గమ్మ వచ్చింది.

రమేష్ గబగబా వచ్చి వంగాడు.

"సిన్నమ్మా, జర మెల్లగ. పైన పిల్లలకు పరీక్షలున్నయ్. అసోసియేషనోళ్లు ఏమన్న అంటరు."

"మెల్లగ ఎట్ల ఏడ్వాలె బిడ్డా?"

ఆమె నిజంగానే అడిగింది.

వాణ్ణి నాలుగు దులిపేద్దామనుకున్నాను. కానీ ఏమని దులపను? ఏ ఎండకా గొడుగు పట్టకపోతే అక్కడ బతుకు సాగదు. మా మనవడు 'ఒస్తున్న' అంటే నా కోడలు 'వస్తున్నాను' అని దిద్దుతుంది. నేను నోరు మూసుకునే ఉంటున్నాను కదా.

లిఫ్టులో ఫ్లాట్లవాళ్లు ఒక్కొక్కరే దిగారు. "చాలా బాధాకరమండీ" అని చేతులు జోడించి మళ్లీ పైకి పోయారు. దుర్గమ్మ గొంతు తగ్గించి ప్రయత్నించింది. రాగం లేకపోతే ఆమెకు మాట రాదు, మాట రాకపోతే కన్నీళ్లు రావు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే కూర్చుంది.

బండి వచ్చింది. పెట్టెను లేపబోతుంటే రమేష్ ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"సిన్నమ్మా, ఇప్పుడన్న గట్టిగ ఏడువ్. నువ్వు ఏడుస్తెనే నాకు ఏడుపొస్తది. పొద్దుగాల్నుంచి అస్తలేదు."

దుర్గమ్మ నోరు తెరిచింది. "అక్కా" అన్నది. కళ్లు పైన బాల్కనీల వైపు పోయాయి. తర్వాతి మాట రాలేదు. రమేష్ కాసేపు ఆమె ముఖమే చూశాడు. ఎవరో పిలిస్తే లేచి వెళ్లాడు.

బండి గేటు దాటిపోయింది.

తిరుగు ఆటో మా ఊరి పొలిమేర చేరింది. ఇక్కడ ఎవరూ ఆపరు, ఇప్పుడు ఏడువు అన్నాను.

"ఎవలికోసం?" అన్నది. "ఇగ మా అక్కకు ఇనబడది."