వంటింట్లో స్పెయిన్ రాజు

తెనాలి కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన ఉమామహేశ్వరరావు గారు ఇప్పుడు విదేశంలో, బ్లాక్‌టౌన్‌లోని కొడుకింట్లో లుంగీ ఎగ్గట్టి, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలతో వంకాయలు తరుగుతారు. భార్య శేషుకుమారి గారు ఇండియాలో ఉన్న ఆరు నెలలూ వంట ఆయనే చేశారు. కోడలు కిరణ్మయి ఆ ధైర్యంతోనే కంప్యూటర్లలో రెండువేల సంవత్సరం తేదీలు సరిదిద్దే వైటూకే ఉద్యోగంలో చేరింది. శేషుకుమారి గారు తిరిగొచ్చీ రాగానే, "ఇక ఉద్యోగం మానెయ్యమ్మా. వంటిల్లు మునుపటిలా నడవాలి" అన్నారు. కిరణ్మయి తల వంచుకుంది. ఆయన కత్తి ఆపకుండానే, "నెపోలియన్ ఓడాక స్పెయిన్ రాజు తిరిగొచ్చి, జనం రాసుకున్న రాజ్యాంగం చెల్లదన్నాడు. అంతా మునుపటిలాగే అన్నాడు. ఆరేళ్ళకి ఆ రాజ్యాంగానికే ప్రమాణం చేయాల్సొచ్చింది శేషూ!" అన్నారు.

"అయితే నేను రాజునా అండీ?"

"కాక మరెవరు?"

ఆవిడ నవ్వాపుకుని, సమానంగా తరిగిన ముక్కల్ని కాసేపు చూశారు.

"రేపు ఆఫీసుకెళ్ళమ్మా. కూరలో ఉప్పు మాత్రం నేనే వేస్తాను."